చదువు గంటలు ఎవరి లెక్కలోంచి తీయాలి?

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. నాకు 41 ఏళ్లు. ఒంగోలు దగ్గర ఒక పల్లెలో పద్నాలుగేళ్లుగా సంఘకాపరిగా ఉన్నాను. మాది ఏ మిషన్‌కూ చెందని చిన్న సంఘం. పక్కనున్న రెండు పాలేల్లో కూడా కూటాలు జరిపిస్తాను. తెలుగు మీడియంలో బి.ఏ. చదివాను. బైబిలు ట్రైనింగ్ అంటే అప్పట్లో చేసిన మూడు నెలల కోర్సు ఒక్కటే. నిరుడు ఆగస్టులో అమెరికాలోని ఒక సెమినరీలో ఆన్‌లైన్ ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ, కాపరుల పీజీ డిగ్రీ)లో చేరాను. మొత్తం 72 క్రెడిట్లు. త్వరగా అయిపోతుందని టర్ముకు మూడు కోర్సుల చొప్పున తీసుకుని ఆరు పాసయ్యాను. క్లాసులు మనకు తెల్లవారుజామున 5 గంటలకు లైవ్‌లో వస్తాయి. రాత్రి పన్నెండు దాకా చదివి, నాలుగున్నరకు లేస్తున్నాను. నా భార్య సచివాలయంలో ఏఎన్ఎం. నా అసైన్‌మెంట్లు ఆమే టైప్ చేసి, ఇంగ్లీషు సరిదిద్ది పెడుతుంది. ఈ మధ్య నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పాప ఈ ఏడు పదో తరగతి. 'నాన్నా, ఈ లెక్క చెప్పవా' అంటే 'క్లాసు అయ్యాక' అంటూ వచ్చాను. ఇప్పుడు అడగటమే మానేసింది. మా సంఘ పెద్ద ఒకాయన 'అక్షరం చంపుతుంది అయ్యగారూ, మనకెందుకీ చదువులు' అని అందరి ముందూ అన్నాడు. స్కాలర్‌షిప్ పోను మిగతా ఫీజుకు చీటీ పాడాను. వచ్చే టర్ముకు నమోదు గడువు దగ్గరపడింది. మానేయమంటారా, కొనసాగించమంటారా? ఈ డిగ్రీకి మన దగ్గర విలువ ఉంటుందా?

— ఒక సంఘకాపరి, ప్రకాశం జిల్లా

సమాధానం: బ్రదర్, మీకూ మీ ఇంట్లో వాళ్లకూ వందనాలు.

మానేయకండి. అయితే వచ్చే టర్ముకు మూడు కోర్సులు తీసుకోకండి, ఒక్కటి చాలు. జనవరిలో మొదలయ్యే టర్ములో ఆ ఒక్కటి కూడా వద్దు. ఎందుకో చెబుతాను.

ముందు గంటల లెక్క చూద్దాం. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు రెండు గంటల సొంత చదువు. మూడు క్రెడిట్ల కోర్సుకు వారానికి తొమ్మిది గంటలవుతుంది. ఇది కూడా ఇంగ్లీషులోనే పుట్టి పెరిగిన విద్యార్థి లెక్క. తెలుగు మీడియంలో చదివి, ఒక్కో పేరా రెండుసార్లు చదువుకుని, తెలియని మాట వచ్చినప్పుడల్లా డిక్షనరీ తీసే మనిషికి పన్నెండు గంటలైనా పడుతుంది. మూడు కోర్సులంటే 27 నుంచి 36 గంటలు. అది దాదాపు ఒక ఉద్యోగం చేసినంత పని. సంఘం, రెండు పాలేలు, ఇల్లు అలాగే ఉండగా ఆ పైన మీరు దాన్ని ఎత్తుకున్నారు. అయినా ఆరు కోర్సులు పాసయ్యారు. మీ తెలివితేటల మీద నాకు ఏ సందేహమూ లేదు. సమస్య ఆ గంటలు ఎక్కడినుంచి వచ్చాయన్నది.

మీ ఉత్తరం అదే చెబుతోంది. నిద్ర తగ్గింది, భార్యకు పని పెరిగింది, పాప లెక్కలు ఆగిపోయాయి. సంఘంలో మాత్రం ఒక్క కూటం తగ్గినట్టు మీరు రాయలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, పాలేల్లో కూటాలు, పుట్టినరోజు ప్రార్థనలు, ఆస్పత్రికి తోడు వెళ్లడాలు, మండలాఫీసులో ఎవరి రేషన్ కార్డు పనో చేసిపెట్టడాలు, అన్నీ యథాతథంగా సాగుతూనే ఉండుంటాయి. ఇది మీ ఒక్కరి సంగతి కాదు. పనిచేస్తూ చదువుకునే కాపరుల్లో చాలామంది ఇలాగే చేస్తారు. కూటానికి రాకపోతే పది మంది నిలదీస్తారు. ఇంట్లో ఉండకపోతే అడిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో. అందుకని, గట్టిగా అడగని వాళ్ల దగ్గర్నుంచి గంటలు తీసేసుకుంటాం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ చదువు మీ సొంత ముచ్చట కాదు, సేవలో భాగం. అలాంటప్పుడు దానికి కావలసిన గంటలు సేవకు పెట్టే గంటల్లోంచే రావాలి. ఇంటి గంటల్లోంచి గానీ నిద్రలోంచి గానీ కాదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏం జరిగింది? విధవరాండ్రకు రోజువారీ భోజనం పంచే పని అవసరమైనదే, దాన్ని ఎవరూ తక్కువ చేయలేదు. అయినా వాక్యానికీ ప్రార్థనకూ సమయం కావాలని అపొస్తలులు ఆ పనిని ఏడుగురికి అప్పగించారు. పెళ్లాం బిడ్డలకు ఇచ్చే సమయం తగ్గించుకుంటామని వాళ్లు అనలేదు. సంఘానికి అధ్యక్షుడు కావలసినవాడు ముందు తన ఇంటిని చక్కగా ఏలుకోవాలని తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం చెబుతుంది. అది మీకు తెలియనిది కాదు, ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటారో.

కాబట్టి మొదటి పని సంఘానికి చెప్పడం. ఇప్పటిదాకా మీ చదువు వాళ్లకు తెల్లవారుజామున వెలిగే లైటుగానే తెలుసు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మీ భార్యను పక్కన నిలబెట్టుకుని వివరంగా చెప్పండి. ఏం చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు, ఇంకా ఎన్నేళ్లు పడుతుంది, వాళ్లకు దానివల్ల ఏం ఒరుగుతుంది. ఆ తర్వాత రెండు పూటలు అడగండి. మంగళవారం, గురువారం ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అనుకుందాం. ఆ వేళకు మీ భార్య డ్యూటీలో ఉంటుంది, పిల్లలు బడిలో ఉంటారు, విశ్వాసుల్లో ఎక్కువమంది పొలం పనుల్లోనో కూలికో వెళ్లి ఉంటారు. పల్లెలో కాపరికి దొరికే అతి ప్రశాంతమైన సమయం అదే. ఆ సమయాన్నే మనం ఇతరుల బ్యాంకు పనులకూ ఆఫీసు పనులకూ ఇచ్చేసి, చదువును అర్ధరాత్రికి తోసేస్తాం. ఆ రెండు పూటలూ మీ ఫోను సంఘ పెద్దల్లో ఒకరి దగ్గర ఉంచండి. చావుకబురు గానీ ఆస్పత్రి కబురు గానీ అయితే మనిషిని పంపిస్తారు. మిగతావి మధ్యాహ్నం దాకా ఆగుతాయి.

రెండు పూటలు కలిపితే ఎనిమిది గంటలు. ఇంకో మూడు నాలుగు గంటలు కావాలి. ఒక పాలెం కూటాన్ని మీ యువకుల్లో ఒకరికి అప్పగించండి. మామ యిత్రో మోషేతో అన్నది ఇదే కదా, నువ్వూ నలిగిపోతావు, నీతో ఉన్న ఈ జనమూ నలిగిపోతారని. మొదటి నెల మీరూ వెళ్లి వెనక చాప మీద కూర్చోండి. ఆ కుర్రాడు తడబడతాడు, చెప్పిందే మళ్లీ చెబుతాడు, ప్రార్థనలో మీ మాటలే వాడతాడు. మధ్యలో లేచి అందుకోకండి. ఇంటికి వచ్చే దారిలో మాట్లాడండి. రెండో నెల నుంచి వెళ్లకండి. మీరు ఎం.డివ్. పూర్తిచేసేనాటికి ఆ పాలేనికి ఒక కాపరి తయారై ఉంటాడు.

ఇక మీ సంఘ పెద్ద అన్న మాట. 'అక్షరము చంపును' అన్నది కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 3వ అధ్యాయంలోది. ఆ అధ్యాయం మొత్తం చదివితే, పౌలు మాట్లాడుతున్నది రాతి పలకల మీద చెక్కిన పాత నిబంధన గురించీ, హృదయాల మీద ఆత్మ రాసే కొత్త నిబంధన గురించీ అని తేటగా తెలుస్తుంది. పుస్తకాలు చదవడం గురించి అక్కడ ఒక్క మాట లేదు. ఆ మాట రాసిన పౌలే ధర్మశాస్త్ర పండితుడు గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నవాడు. చెరసాలలో చివరి రోజుల్లో తిమోతికి రాస్తూ త్రోయలో వదిలి వచ్చిన అంగీతో పాటు పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మని అడిగినవాడు. ఇదంతా ఆ పెద్దాయనకు చెప్పండి, కానీ పల్పిట్ మీదనుంచి వద్దు. ఇంటికి వెళ్లి, టీ తాగుతూ చెప్పండి. ఆయన భయం వెనక ఒక నిజం కూడా ఉంది. చదువుకుని వచ్చి సంఘాన్ని చిన్నచూపు చూసినవాళ్లను, పట్టా రాగానే పట్నానికి వెళ్లిపోయినవాళ్లను మన ప్రాంతం చూసింది. మీరు అలా చేయరని ఆయనకు నోటిమాటతో రుజువు చేయలేరు. మీ ఫోను ఉంచమని అడిగే పెద్ద ఆయనే అయితే బాగుంటుంది.

చదువు సంఘానికి ఉపయోగపడుతుందని చూపించడానికి ఇంకో దారి ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. అసైన్‌మెంటునూ ప్రసంగాన్నీ వేరు చేయకండి. నా దగ్గర చదువుకున్న ఒక కాపరి ఫిలేమోను పత్రిక మీద వ్యాసం రాయాల్సి వచ్చింది. పారిపోయిన బానిస ఒనేసిమును యజమాని ఫిలేమోను దగ్గరికి తిరిగి పంపుతూ పౌలు రాసిన ఇరవై ఐదు వచనాల చిన్న పత్రిక. రోమా చట్టంలో బానిసల స్థితి, పారిపోయిన బానిసకు పడే శిక్షలు, పౌలు వాదన నడిపిన తీరు, ఇవన్నీ శ్రమపడి రాశాడు. రాస్తూనే బుధవారం బైబిలు స్టడీలో అదే పత్రిక తీసుకున్నాడు. ఒక ఇంటి వసారాలో జరిగే స్టడీ అది. మిరపకోతకు వెళ్లి వచ్చిన ఒకామె అంతా విని అడిగింది: 'అంత దూరం పంపిస్తుంటే ఆ ఒనేసిముకు దారిఖర్చులు ఎవరిచ్చారు అయ్యగారూ? ఒక్కడే వెళ్లాడా? దార్లో పట్టుకుంటే?' అతను చదివిన వ్యాఖ్యానాల్లో ఆ ప్రశ్నే లేదు. ఇంటికి వచ్చి వెతికితే కొలొస్సయుల పత్రిక 4వ అధ్యాయంలో దొరికింది. తుకికు అనే నమ్మకమైన సహోదరుణ్ణి పంపుతూ, అతనితో పాటు ఒనేసిమును కూడా పంపుతున్నానని పౌలు రాశాడు. అంటే తోడు ఇచ్చి పంపాడు. వచ్చే వారం ఆ సంగతి చెప్పినప్పుడు ఆ వసారాలో ఉన్నవాళ్లకు పౌలు ఎలాంటి కాపరో అర్థమైంది. వ్యాసంలో కూడా ఆ పేరా చేరింది. ఇంటి నుంచి కదలకుండా చదివే చదువుకు ఉన్న గొప్ప లాభం ఇదే. హాస్టల్లో ఉండి చదివే విద్యార్థికి లైబ్రరీ దొరుకుతుంది. ఇలాంటి ప్రశ్న వేసే ఆ మిరపకోత తల్లి మాత్రం దొరకదు.

ఒక్క జాగ్రత్త. చదివిన గ్రీకు మాటలనూ పండితుల పేర్లనూ తెచ్చి పల్పిట్ మీద కుమ్మరించకండి. పొయ్యి మీద ఏమేం వేశామో వడ్డించేటప్పుడు చెప్పం కదా, అన్నం పెడతాం, అంతే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, మీ భార్య. రోజంతా ఇంటింటికీ తిరిగి బాలింతలనూ పసిపిల్లలనూ చూసి వచ్చి, వంట చేసి, స్త్రీల కూటం నడిపి, రాత్రి కూర్చుని మీ వ్యాసాలు టైప్ చేస్తోంది. ఇంగ్లీషు సరిదిద్దాలంటే విషయం అర్థం కావాలి. అంటే మీ ఆరు కోర్సుల్లో సగం ఆమె కూడా చదివినట్టే. పేరు మాత్రం మీ ఒక్కరిదే పడింది. ఆమె మౌనానికి కారణం నేను ఊహించి చెప్పడం సరికాదు, మీరే అడగాలి. సలహా కోసమో క్షమాపణ చెప్పేసి పని ముగించుకోవడం కోసమో అడగకండి. ఫోను పక్కన పెట్టి, పిల్లలు పడుకున్నాక, 'ఈ ఏడాది నీకెలా గడిచింది' అని అడిగి, ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకుండా వినండి. మనం కాపరులం, వాక్యం చెప్పడం అలవాటైనవాళ్లం. ఇంట్లో కూడా రెండో మాటకే వచనం అందుకుంటాం. ఆ రాత్రి వచనాలు వద్దు.

ఇక మీదట టైపింగ్ మీరే నేర్చుకోండి. ఫోన్లో ఇంగ్లీషు టైప్ చేయడం కష్టమైతే మాట్లాడితే రాసుకునే సదుపాయం ఉంది, మొదటి చిత్తు దానితో చేసుకుని తర్వాత సరిచూసుకోండి. చివర్లో భాష వరకు ఎవరిచేతనైనా చూపించుకోవచ్చా అన్నది సెమినరీ నియమాల్లో ఉంటుంది, అడగండి. వ్యాసం మొత్తం రాసిచ్చే యాప్‌లు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. అర్థం కాని పేరాను తెలుగులో చెప్పించుకోవడం వేరు, వ్యాసమే రాయించుకుని మన పేరు పెట్టుకోవడం వేరు. మొదటిది కూడా సెమినరీ ఒప్పుకుంటేనే చేయండి. రెండోది ఎంత టెన్షన్‌లో ఉన్నా, రేపే గడువైనా చేయకండి. ఆదివారం నిజం గురించి చెప్పే నోటితో ఆ పని సాధ్యం కాదు. గడువు దాటితే మార్కులు పోతాయి, పోనివ్వండి.

ఆమెకు కూడా చదువుకోవాలని ఉందేమో అడిగి చూడండి. ఉంటే, ఆమెకు సరిపోయే దారి మీ దారికన్నా సులువైనది ఒకటి ఉంది. 1963లో గ్వాటెమాలాలోని ఒక ప్రెస్బిటేరియన్ సెమినరీ ఒక సంగతి గమనించింది. పట్నం వచ్చి చదివి వెళ్లిన వాళ్లలో కాపరులుగా మిగిలినవాళ్లు చాలా తక్కువ. పల్లెల్లో సంఘాలను నిజంగా నడుపుతున్నవాళ్లేమో పొలాలు, సంసారాలు వదిలి హాస్టలుకు రాలేరు. దాంతో విద్యార్థులు రావడం కాకుండా, పంతుళ్లే వారం వారం వాళ్ల ఊళ్లకు వెళ్లే పద్ధతి మొదలుపెట్టారు. ఇంట్లో పాఠం చదువుకోవడం, వారానికి ఒకసారి నలుగురు కూర్చుని చర్చించుకోవడం, ఆ వారమే సంఘంలో ఆచరించడం. మన దేశంలో ఆ పద్ధతిలో 1971లో బెంగళూరు కేంద్రంగా టాఫ్టీ అనే సంస్థ ప్రారంభమైంది. తెలుగులో కూడా పాఠాలున్నాయి. స్త్రీల కూటాలు, సండే స్కూలు నడిపే ఇల్లాలికి అది చక్కగా సరిపోతుంది. మీ యువకుడికి కూడా. అపొల్లోకు దేవుని మార్గాన్ని మరింత వివరంగా బోధించినవాళ్లు అకుల ప్రిస్కిల్లలు ఇద్దరూ కదా. ఆమె ఇప్పుడు వద్దంటే మాత్రం బలవంతం చేయకండి. ఆమెకు కావలసింది ఇంకో చదువు కాకపోవచ్చు, రెండు సాయంత్రాల విశ్రాంతి కావచ్చు.

పాప సంగతికి వస్తే, పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చిలో వస్తాయి. జనవరిలో మొదలయ్యే టర్ము మే మొదటి వారం దాకా సాగుతుంది. అందుకే ఆ టర్ము వద్దన్నాను. రోజూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది ఆమెతో కూర్చోండి. ఆమె అడగటం మానేసింది కాబట్టి మీరే పుస్తకం పట్టుకుని వెళ్లాలి. మొదటి రెండు రోజులు 'ఏం లేదు నాన్నా' అంటుంది. అక్కడే కూర్చోండి. లెక్కలు మీకు రాకపోతే కలిసి కుస్తీ పడండి, పర్వాలేదు. మీరు ఎంత బాగా చెప్పారన్నది ఆమెకు పెద్ద విషయం కాదు.

అమెరికా క్యాలెండరుకూ మన సంఘ క్యాలెండరుకూ పొసగదు, ఇది చేరేటప్పుడు ఎవరూ చెప్పరు. వాళ్ల మొదటి టర్ము ఆగస్టు చివర మొదలై డిసెంబరు మధ్యలో ముగుస్తుంది. ముగింపు వ్యాసాలు, పరీక్షలు సరిగ్గా మన సెమీ క్రిస్మస్‌ల నడుమ పడతాయి. రెండో టర్ములో శ్రమకాలపు కూటాలు, గుడ్ ఫ్రైడే, ఈస్టరు వస్తాయి. అది అయ్యీ అవ్వగానే మే నెలలో పిల్లల వేసవి బైబిలు బడి, వి.బి.ఎస్. మనకు కాస్త తెరిపి ఉండేది జూన్ నుంచి నవంబరు దాకా. అందుకని వేసవి టర్ములో కోర్సులిస్తే ఒకటి తీసుకోండి, ఆగస్టు టర్ములో ఒకటి తీసుకుని పెద్ద వ్యాసం నవంబరులోపే ముగించండి. లైవ్ క్లాసు బదులు రికార్డు చేసిన పాఠాలతో నడిచే కోర్సు ఎంచుకోండి. ఇప్పుడు 5 గంటలకు వచ్చే క్లాసు నవంబరులో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పగానే మనకు 6 గంటలకు మారుతుంది. మీ ఇంట్లో టిఫిను, క్యారియర్లు, బడి, డ్యూటీ అన్నీ నెత్తి మీదికొచ్చే వేళ అది. రికార్డు పాఠమైతే మంగళవారం పూట వినొచ్చు, అర్థం కాని చోట వెనక్కి తిప్పుకోవచ్చు. హెబ్రీ, గ్రీకు కోర్సులు వచ్చినప్పుడు మాత్రం వారానికి రెండు పూటలు చాలవు. ఆ భాషలకు రోజూ అరగంట కావాలి, ఆ టర్ములో ఇంకేదీ పెట్టుకోకండి.

24 కోర్సుల్లో ఆరు అయ్యాయి, 18 మిగిలాయి. ఈ ఏడాది నెమ్మదించి ఆపైన ఏటా మూడు చొప్పున చేసినా ఆరేడేళ్లు. 48కి పూర్తవుతుంది. ఆ తర్వాత కూడా మీకు కనీసం ఇరవై ఏళ్ల సేవ ఉంటుంది. తొందర దేనికి? చాలా సెమినరీలు డిగ్రీ పూర్తి చేయడానికి ఒక గడువు పెడతాయి, దాన్ని మాత్రం ముందే తెలుసుకోండి.

విలువ గురించి అడిగారు. ఇందులో మూడు రకాల గుర్తింపులున్నాయి, జనం వాటిని కలిపేసుకుంటారు. మొదటిది సెరంపూర్. బెంగాల్లోని ఆ కాలేజీని 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు స్థాపించారు. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టరు వల్ల డిగ్రీలిచ్చే అధికారం దానికి వచ్చింది. 1918లో బెంగాల్ శాసనసభ చేసిన చట్టంతో సెనేట్ అనే మండలి డిగ్రీల సంగతి చూసే ఇప్పటి పద్ధతి ఏర్పడింది. హైదరాబాదులోని ఆంధ్రా క్రైస్తవ థియలాజికల్ కాలేజీ దానికి అనుబంధమే. సి.ఎస్.ఐ., లూథరన్ లాంటి సంఘాల్లో గురువుగా అభిషేకానికి సాధారణంగా అడిగేది సెరంపూర్ బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ). రెండోది ఏషియా థియలాజికల్ అసోసియేషన్, 1970 నుంచి ఉంది. సువార్తిక సెమినరీల నాణ్యత చూసి గుర్తింపునిస్తుంది. సెమినరీల మధ్యా సంఘాల మధ్యా దానికి గౌరవముంది, కానీ అది ప్రభుత్వ గుర్తింపు కాదు. మూడోది అమెరికా, కెనడాల్లో ఉన్న అసోసియేషన్ ఆఫ్ థియలాజికల్ స్కూల్స్. మీ సెమినరీ పేరు దాని జాబితాలో ఉందో లేదో వాళ్ల వెబ్‌సైటులో చూడండి. ఎం.డివ్.కు ఆ సంస్థ పెట్టిన కనీస పరిమాణం 72 క్రెడిట్లే కాబట్టి మీ కోర్సు ఆ పద్ధతిలోనే ఉన్నట్టుంది, అయినా జాబితా చూడకుండా నమ్మకండి. సొంతంగా గుర్తింపు సంస్థలు పెట్టుకుని తమకు తామే గుర్తింపు ఇచ్చుకునే కాలేజీలు కూడా ఉన్నాయి.

మీది ఏ మిషన్‌కూ చెందని సంఘం కాబట్టి అభిషేకం కోసం ఈ డిగ్రీ మీకు అక్కర్లేదు. దీనితో ప్రభుత్వ ఉద్యోగమో యూనివర్సిటీ సీటో వస్తుందన్న లెక్క పెట్టుకోకండి. ఎప్పుడైనా సెరంపూర్ కాలేజీలో బోధించాలన్న కోరిక ఉంటే, ఆ కాలేజీని ఇప్పుడే అడిగి తెలుసుకోండి. సెరంపూర్ వాళ్లు కూడా ఇంటి దగ్గర ఉండి చదువుకునేవాళ్ల కోసం కొన్ని కోర్సులు నడుపుతారు, ఖర్చు చాలా తక్కువ. వాక్యం బాగా తెలుసుకుని ఈ సంఘానికే ఇంకా మంచి కాపరి కావాలన్నదే మీ కోరికైతే, మీ డిగ్రీ విలువ సంఘం వారానికి వారం చూస్తూనే ఉంటుంది.

మధ్యలో ఎవరో ఒకరు మీకు ఫోన్ చేస్తారు, ఇంత కష్టమెందుకు, ఇంత కట్టండి, గౌరవ డాక్టరేటు ఇప్పిస్తాం, స్టేజీ మీద గౌను వేసి ఫొటో తీస్తాం అని. ఇది మన తెలుగు సంఘాల్లో బాగా పాకిపోయింది, నాకు ఎంతో బాధ కలిగించే విషయం. యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీలివ్వగలిగేది చట్టం ద్వారా ఏర్పడిన, లేదా చట్టం అధికారమిచ్చిన సంస్థలే. డబ్బిచ్చి పేరు ముందు 'డాక్టర్' పెట్టుకున్నవాడు ఆ రోజు నుంచి తన సంఘం ముందు ఒక అబద్ధంతో నిలబడాలి. ఆ ఫోను పెట్టేయండి.

ఫీజు కోసం మళ్లీ చీటీ పాడకండి. పాడిన చీటీ కిస్తీలు మీ భార్య జీతంలోంచే వెళ్తుంటాయని నాకనిపిస్తోంది. ఒక్క కోర్సుకు ఫీజు మూడో వంతే. జనవరి టర్ము ఖాళీ కాబట్టి ఆ నెలల్లో కిస్తీలు తగ్గించుకోవచ్చు. స్కాలర్‌షిప్ కోసం టర్ముకు కనీసం ఇన్ని క్రెడిట్లు తీసుకోవాలన్న షరతు ఉందేమో చూడండి. ఉంటే, ఆ షరతు సడలించమని రాయండి. విదేశీ విద్యార్థి, పూర్తికాలపు కాపరి అంటే చాలాచోట్ల వింటారు. వినకపోతే, ఒక టర్ము ఆగి సొంత డబ్బు కూడాక చేరండి.

చుట్టుపక్కల ఎవరైనా ఆన్‌లైన్లో చదివే కాపరులుంటే, ఏ సెమినరీ అయినా సరే, నెలకొకసారి ఒకచోట కూర్చోండి. తెర మీద ప్రొఫెసర్ కనిపిస్తాడు గానీ, నలిగిపోయినప్పుడు భుజం తట్టే తోటి విద్యార్థి ఉండడు.

గడువు దగ్గరపడిందన్నారు కాబట్టి ఈ వారమే రిజిస్ట్రార్‌కు ఈమెయిల్ రాయండి. ఆగస్టు టర్ముకు ఒకే కోర్సు, అదీ రికార్డు పాఠాలది కావాలని, జనవరి టర్ముకు సెలవు కావాలని, డిగ్రీ పూర్తి చేయడానికి చివరి గడువు ఎప్పుడో, సెలవు కాలం ఆ గడువులో లెక్కకొస్తుందా లేదా అని, స్కాలర్‌షిప్ మీద దీని ప్రభావమేమిటని అడగండి. ఎం.డివ్.లో పర్యవేక్షణ కింద చేసే సేవ ఒక భాగంగా ఉంటుంది, దాన్ని మీ సంఘంలోనే, దగ్గర్లోని ఒక అనుభవమున్న కాపరి పర్యవేక్షణలో చేయవచ్చా అని కూడా అడగండి. పంపే ముందు ఆ ఈమెయిల్ మీ భార్యకు చూపించండి, ఇంగ్లీషు దిద్దడానికి కాదు, ఒప్పుకుంటుందో లేదో తెలుసుకోవడానికి.